ఉత్తర ధ్రువానికి వృక్షశాస్త్రం

దుప్పట్లు రెండూ పెట్టాలా, ఒకటే పెట్టాలా అన్న దగ్గర సంచీ సర్దడం ఆగిపోయింది.

"ఒకటే పెట్టు," అన్నాడు పరాంకుశం, కుర్చీలో వెనక్కి వాలి. "జంటగా ఉన్నవి ఏవైనా సరే, ఒకటి అటూ ఒకటి ఇటూ అని కదా ఉత్తర్వు. గేటు దగ్గర సంచీ విప్పి చూస్తారట."

"చూడనివ్వండి. గుమ్మకొండలో చలి ఎలా ఉంటుందో ఆ ఉత్తర్వు రాసినాయనకి తెలుసా?" హైమవతి రెండో దుప్పటి కూడా కుక్కింది. కుక్కి, దాని మీద దోమతెర పరిచింది. జ్వరం మాత్రలు పక్క జేబులో పెట్టి, అక్కడైతే ఆయనకి కనపడవని తీసి పైన పెట్టి, పైన ఉంటే నలిగిపోతాయని మళ్ళీ జేబులోనే పెట్టింది.

"అయితే చెప్పుల మాటేమిటి? కుడిది పెడతావా, ఎడమది పెడతావా?"

"మీకు అన్నీ వేళాకోళాలే."

"ఏడవమంటావా ఏమిటి? క్రోమోజోము ఏడవడం నీ పాఠంలో ఎక్కడైనా ఉందా?"

హైమవతి ఊరగాయ సీసా మూతకి గుడ్డ కట్టి, ముడి మీద ముడి వేస్తూ కూచుంది.

వాళ్ళిద్దరూ నీలవరం బాలికల గురుకుల జూనియర్ కళాశాలలో లెక్చరర్లు. ఆవిడ జంతుశాస్త్రం, ఆయన వృక్షశాస్త్రం. కణ విభజన పాఠం రెండు శాస్త్రాలకీ పొలిమేర మీద ఉంటుంది కాబట్టి పెళ్ళైన కొత్తలోనే పంచేసుకున్నారు. ఉల్లి వేరు కొన నలిపి సమవిభజన చూపించడం ఆయన వంతు. మిడతని కోసి క్షయకరణ విభజన చూపించడం ఆవిడ వంతు. ఒకే ప్రయోగశాలలో ఎదురెదురు బల్లల దగ్గర ఇన్నేళ్ళూ ఆయన ఉల్లి వాసనా, ఆవిడ మిడత వాసనా వేస్తూ గడిపారు. ఒక్క రాత్రి వేరే ఊళ్ళో పడుకోవలసి వచ్చినా హైమవతికి నిద్ర పట్టేది కాదు.

ఆ ఏడాది గురుకులాల శాఖకి ఒక లక్ష్యం ఇచ్చారు. కళాశాలల సంఖ్య రెట్టింపు కావాలి, ఒక్క రూపాయి కూడా ఖర్చు కాకూడదు. కమిషనరు గారు ఇదే దిగులుతో ‘ప్రకృతే గురువు’ అనే శిక్షణకి వెళ్ళారు. అక్కడ ఒక కణం ఎవరినీ పైసా అడగకుండా తనంతట తానే రెండవుతుందని విన్నారు. ఆయన వాణిజ్యశాస్త్రం చదివినవారు కావడంతో ఆ సంగతి ఆయనకి కొత్త. కొత్త కావడంతో గొప్పగా తోచింది. తిరిగి వచ్చిన మర్నాడే ఉత్తర్వు తయారైంది. తొలి మాతృకణంగా నీలవరం ఎంపికైంది.

అమలు చేయడానికి జాయింట్ డైరెక్టరు మృత్యుంజయరావు గారు ఇంటర్ పాఠ్యపుస్తకం చంకన పెట్టుకుని వచ్చారు. అందులో ఎర్రగీతలు గీసిన పేజీలు బోలెడు.

"సోదర సోదరీమణులారా," అన్నారు స్టాఫ్ రూములో నిలబడి. "నేటి నుండి మీ కళాశాల కేవలం కళాశాల కాదు. మాతృకణము. అది సమవిభజన అను పవిత్ర ప్రక్రియ ద్వారా రెండు పిల్లకణములుగా అవతరించబోవుచున్నది. ఇందుకు టెండర్లు పిలువనక్కరలేదు. స్థలసేకరణ అక్కరలేదు. ప్రకృతి ఏనాడైనా టెండరు పిలిచినదా?"

అందరూ చప్పట్లు కొట్టారు. పరాంకుశం మాత్రం పక్కకి వంగి, "హైమా, కూచో," అన్నాడు మెల్లగా.

ఆవిడ అప్పటికే సగం లేచింది. అదొక జబ్బు. ఎదుటివాళ్ళు తప్పు మాట వాడితే దిద్దకుండా ఉండలేదు. పెళ్ళిచూపుల్లో పరాంకుశం గొప్ప కోసం వానపాము గుండె గురించి ఏదో చెప్పబోతే, "గుండె కాదండీ, గుండెలు. జతలు జతలుగా ఉంటాయి," అని పెద్దల మధ్యలోనే దిద్దింది. ఆయన అందుకే చేసుకున్నానని చెప్పుకునేవాడు.

"సార్, సమవిభజన జరగాలంటే ముందు లోపలున్న ప్రతిదానికీ నకలు తయారవ్వాలి. ఆ తరవాతే విడిపోవడం. అంటే ముందు బెంచీలు రెట్టింపవ్వాలి, మంచాలు రెట్టింపవ్వాలి, మేమూ రెట్టింపవ్వాలి."

"నకళ్ళకు నిధులు లేవు."

"అప్పుడు దాన్ని సమవిభజన అనకూడదండి. జంటలు విడిపోయి, సంఖ్య సగమైపోతే క్షయకరణ విభజన అంటారు. దానిక్కూడా ముందు..."

"ఆగండి!" మృత్యుంజయరావు గారి ముఖం వెలిగింది. "సంఖ్య సగమగునా? ఏమి పేరన్నారు?"

"క్షయకరణ విభజన. కానీ సార్, దానిక్కూడా ముందు నకలు..."

"చాలు మేడమ్, చాలు. ఆ మాటలో ఆర్థికశాఖకు వలసిన ధ్వని ఉన్నది." ఆయన ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

"కూచోమన్నానా?" అన్నాడు పరాంకుశం.

"తప్పు చెబుతుంటే ఎలా ఊరుకోనండీ?"

"ఇప్పుడు ఒప్పే చేస్తారు. చూడు."

సవరణ ఉత్తర్వు నాలుగో రోజున వచ్చింది. "సదరు కళాశాల యందు జంటలుగా నున్న సమస్త చరాచరములను విడదీసి, ఒక్కొక్కటి చొప్పున ఉభయ ధ్రువములకు తరలించవలెను. ఇందు ఎట్టి మినహాయింపులకును తావు లేదు. క్రోమోజోములకు మినహాయింపులు లేవని గుర్తించవలెను." దక్షిణ ధ్రువం అంటే ఉన్న భవనాలే. ఉత్తర ధ్రువం కొండల మీద గుమ్మకొండలో, ఎప్పుడో మూతపడిన సంత షెడ్డు.

పని అంతా పాఠ్యపుస్తకంలో ఉన్న వరసలోనే జరిగింది. ప్రథమ దశలో కేంద్రక త్వచం అదృశ్యమవుతుందని ఉంది కాబట్టి ముందు ప్రహరీగోడ పడగొట్టారు. గేటు గురించి పుస్తకంలో ఏమీ లేదు కాబట్టి దాన్ని అలాగే ఉంచి, కాపలావాణ్ణి కూడా ఉంచారు. గోడ లేని ఆవరణలోకి జనం గేటులోంచి సంతకం పెట్టి వచ్చేవారు. గేదెలు మాత్రం ఎటు వీలైతే అటు వచ్చేవి.

వంటమనిషి పైడమ్మ కొంగు నడుముకి చుట్టుకుని స్టాఫ్ రూముకి పరుగెత్తుకొచ్చింది. "అమ్మగోరూ, గేదొచ్చి పప్పులో మూతెట్టేసినాదండి. తోలేద్దునా, అదీ కొరోమజోమేనా? తోలితే నా ఉజ్జోగం పోద్దేటి?"

"తోలవద్దు," అన్నారు మృత్యుంజయరావు గారు, పేజీ తిప్పుతూ. "త్వచము లేని దశలో లోపలి పదార్థము, బయటి పదార్థము కలియుట సహజము."

"కలిసిపోనాదండి. ఆ పప్పు మీకే ఒడ్డిస్తాను," అని పైడమ్మ వెళ్ళిపోయింది.

త్వచంతో పాటు కేంద్రకాంశం కూడా అదృశ్యమవ్వాలి. కేంద్రకాంశం అంటే ప్రిన్సిపాల్ అని తేల్చారు. ప్రిన్సిపాల్ కస్తూరి గారు ఉత్తర్వు రెండుసార్లు చదవమని అడగలేదు. మధ్యాహ్నం బస్సుకే పూర్తి జీతపు సెలవు మీద వాళ్ళ అక్కగారి ఊరికి అదృశ్యమయ్యారు. ఒక ఉత్తర్వుని ఇంత సంతోషంగా అమలు చేసిన అధికారిని శాఖ అంతవరకు చూడలేదు.

తరవాత మధ్యస్థ దశ. ఆటస్థలం నడుమ సున్నంతో గీత గీసి, ఉన్నవాటన్నిటినీ జంటలు జంటలుగా దాని మీద నిలబెట్టారు. బెంచీలు, బకెట్లు, వాలీబాల్ స్తంభాలు, ప్రయోగశాల త్రాసు పళ్ళేలు, జతలు జతలుగా ఆడపిల్లలు. జంట లేని వస్తువుకి జంట వెతకమన్నారు. గోడగడియారానికి జంట దొరక్క దాన్ని ఫినాయిల్ డబ్బాతో కలిపారు.

కవలలు యామిని, దామిని చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఇద్దరిలో ఎవరు ఎటు వెళ్ళాలన్న ప్రశ్న వచ్చింది. మృత్యుంజయరావు గారు అప్పటికి జన్యుశాస్త్రం పాఠంలోకి చేరుకున్నారు.

"ప్రతి జంటలోను ఒకటి బహిర్గతము, ఒకటి అంతర్గతము. బయటపడునది బహిర్గతము, అణగియుండునది అంతర్గతము. బహిర్గతము దక్షిణమునకు, అంతర్గతము ఉత్తరమునకు."

"సార్!" హైమవతి గీత మీద నుంచే అరిచింది. "అది వేరే పాఠం. జంటలో ఏది ఎటు పోతుందో ఎవరూ నిర్ణయించరు. అది యాదృచ్ఛికం."

"మేడమ్, మీ సవరణ ఒకటి ఇప్పటికే అమలులో నున్నది. రెండవది స్వీకరించుటకు నిబంధనలు అంగీకరించవు."

"నేనే ముందు పుట్టాను," అంది యామిని, ఏమడుగుతున్నారో తెలియక.

"బహిర్గతము. దక్షిణము," అన్నారు. దామిని నోరు తెరిచేలోగా ఆ పిల్ల పేరు ఉత్తరం జాబితాలోకి ఎక్కింది.

వరసలో తరవాతి జంట హైమవతీ, పరాంకుశమూ. మృత్యుంజయరావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "జంతు, వృక్ష శాస్త్రములు. భార్యాభర్తలు. సజాతీయ జంట. మీ ఇంట ఎవరి మాట చెల్లును?"

హైమవతి గబగబా లెక్కవేసుకుంది. ఆయన మాటే చెల్లుతుందని అనాలి. అంటే ఆయన ఇక్కడే ఉంటారు, ఇక్కడ ఆస్పత్రి ఉంది, మందుల షాపు ఉంది. కొండమీదికి తను వెళితే సరి. ఆవిడ గొంతు సవరించుకునేసరికే పరాంకుశం అందుకున్నాడు.

"రాసుకోండి సార్. ఆవిడ మాటే. నా చొక్కా రంగు ఆవిడదే, నా కూర ఆవిడదే. ముప్పయ్యేళ్ళ నుంచీ నేను శుద్ధ అంతర్గతాన్ని."

లెక్చరర్లందరూ పగలబడి నవ్వారు. పైడమ్మ కూడా నవ్వింది. రాసేసుకున్నారు.

"ఎందుకండీ అలా అన్నారు?" అంది హైమవతి ఇంటికొచ్చాక.

"నీకు కొండ నీళ్ళు పడవు."

"మీకు పడతాయా?"

"నేను వృక్షశాస్త్రం. ఎక్కడ పాతితే అక్కడ మొలుస్తాను." ఆవిడ మొహం చూసి మళ్ళీ అన్నాడు. "పైగా అబద్ధం చెప్పానా? నిన్న నా చొక్కా నువ్వు తీసివ్వలేదూ?"

సంచీ సర్దిన మర్నాడు చలన దశ. లారీ గేటు అవతల ఆగింది. పరాంకుశం సంచీ పట్టుకుని మామూలుగా నడవబోతే మృత్యుంజయరావు గారు ఆపారు.

"నడువరాదు. క్రోమోజోములు స్వయముగా నడువవు. కండె తంతువులచే లాగబడును."

క్రీడా సామాన్ల గదిలోంచి తాడులాట తాడు తెచ్చి నడుముకి కట్టారు. లాగేటప్పుడు నడుము ముందుకూ, కాళ్ళూ చేతులూ వెనక్కీ ఉండాలట. పుస్తకంలో బొమ్మ అలాగే ఉంది. పరాంకుశం యాభయ్యేడేళ్ళ నడుము వంచి, సంచీ వెనక వేలాడేసుకుని, "ఇలాగేనా సార్?" అని అడిగాడు. ఇంకాస్త వంగమన్నారు. గేటు దగ్గర సంచీ విప్పి రెండో దుప్పటి తీసి హైమవతి చేతిలో పెట్టారు. వెనక దామిని ఏడుస్తూ లాగబడింది. ఆ వెనక బకెట్లు లాగబడ్డాయి.

"వేళకి తినండి!" అంది హైమవతి. ఇంకా చాలా చెప్పాలనుకుంది. ఆ ఒక్క మాటే వచ్చింది.

"చూశావా, మళ్ళీ నీ మాటే," అన్నాడు ఆయన, వంగిన నడుముతోనే తల తిప్పి.

అంత్య దశ రాజధానిలో జరిగింది. కళాశాలల సంఖ్య రెట్టింపయిందని కమిషనరు గారికి శాలువా కప్పారు. మిగతా జిల్లాల్లోనూ గోడలు పడగొట్టమని ఆదేశాలు వెళ్ళాయి.

గుమ్మకొండలో ఫోను పలకాలంటే షెడ్డు వెనక బండ ఎక్కాలి. పరాంకుశం సాయంత్రం పూట ఎక్కి మాట్లాడేవాడు.

"ఏం తిన్నారు?"

"త్రాసు ఒక పళ్ళెంలో పెట్టుకుని అన్నం తిన్నాను. రెండో పళ్ళెం నీ దగ్గరుంది కదా. నువ్వూ అందులోనే తిను, తూకం సరిపోతుంది."

"పిల్లలెలా ఉన్నారు?"

"సగం మందిని అమ్మానాన్నలు వచ్చి తీసుకుపోయారు. ఉన్నవాళ్ళకి ఫెర్న్‌లు చూపిస్తున్నాను. ఎంత బాగున్నాయో హైమా, పుస్తకంలో బొమ్మలన్నీ దండగ. జంతుశాస్త్రం మాత్రం ఎవరూ చెప్పడం లేదు. అది నా ధ్రువంలో లేదుగా."

"జీతం పడిందా?"

"పడుతుందిలే."

పడలేదు. ఆయనకే కాదు, ఉత్తర ధ్రువంలో ఎవరికీ పడలేదు. బియ్యం కూడా ఆగిపోయాయి. వానలు పట్టాక రెండు రోజులు ఫోను పలకలేదు. మూడో రోజు పలికింది. గొంతు వణుకుతోంది.

"చలిగా ఉందా?"

"కాస్త జ్వరం. నీ మాత్రలు వేసుకున్నాను. దోమతెర దామినికి ఇచ్చాను, పిల్లకి నిద్ర పట్టడం లేదంటే."

"ఎందుకిచ్చారండీ!" అని అరిచింది హైమవతి. తరవాత ఇవ్వకుండా ఎలా ఉంటాడని తనే అనుకుంది.

మర్నాడు పొద్దున్నే జిల్లా కేంద్రానికి వెళ్ళి మృత్యుంజయరావు గారి గది ముందు కూచుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక పిలిచారు. బల్ల మీద పాఠ్యపుస్తకం ఉంది. ఇప్పుడు జంతుశాస్త్రం రెండో భాగం.

"సార్, మావారికి జ్వరం. వెనక్కి రప్పించండి. లేకపోతే నాకైనా సెలవివ్వండి."

"విడివడిన క్రోమోజోము మధ్యరేఖను దాటరాదు మేడమ్. మీకు తెలియనిదా?"

"పోనీ అక్కడికి డాక్టరునైనా పంపండి. జీతాలు లేవు, తిండి లేదు, మందు లేదు."

ఆయన జాలిగా చూశారు. తెలివితక్కువ విద్యార్థిని చూసినట్టుగా. "మేడమ్, మీది బాలికల కళాశాల. స్త్రీ సంస్థ. కావున స్త్రీ బీజకణ విభజనయే వర్తించును. అండము ఏర్పడునపుడు కణద్రవ్యము సమముగా పంచబడునా?"

హైమవతి బల్ల మీది పుస్తకం వైపు చూసింది.

"చెప్పండి. మీ పాఠమే కదా."

"పంచబడదు సార్."

"ఎవరికి పోవును?"

"అంతా ఒకదానికే పోతుంది. అండానికి."

"రెండవ దానిని ఏమందురు?"

"ధ్రువదేహం అంటారు."

"దానికి కణద్రవ్యము?"

"నామమాత్రం."

"తుదకు అది ఏమగును?"

ఎన్ని తరగతులకి చెప్పిందో ఆ మాట. మార్కులు కూడా వేసేది దానికి. ఇప్పుడు నోట్లోంచి రాలేదు.

"క్షీణించును," అని ఆయనే పూర్తి చేశారు. "ఉత్తర ధ్రువమునకు నిధులు నిలుపుట శాఖ నిర్లక్ష్యము కాదు మేడమ్. శాస్త్రము. క్షీణించుచున్న దానికి వైద్యము చేసిన, ప్రక్రియకు భంగము కలుగును."

"సార్," అంది హైమవతి. "ధ్రువదేహానికి జ్వరం రాదు. ఒళ్ళు నొప్పులుండవు. దానికి భార్య ఉండదు."

"పుస్తకములో లేని విషయములు తీసుకురాకండి."

ఆవిడ లేచింది. సెలవు కాగితం ఆయన బల్ల మీదే వదిలేసింది, సంతకం పెడతాడో చింపుతాడో చూడలేదు. సూటిగా బస్టాండుకి వెళ్ళి గుమ్మకొండ బస్సు ఎక్కింది. దారి పొడుగునా ఫోను చేస్తూనే ఉంది. బండ ఎక్కితేనే పలుకుతుందని తెలుసు, అయినా చేస్తూనే ఉంది.

మార్గశిరంలో కమిషనరు గారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయనకి తేనెటీగలంటే ఇష్టం. ఆయన రాగానే పాత ఉత్తర్వు రద్దయింది. "కణ విభజన అసలు జరగనట్లుగానే భావించవలెను," అని కాగితం వచ్చింది. ప్రహరీగోడ కట్టారు. గేదెలు బయటికి పోయాయి. కస్తూరి గారు ఒళ్ళు చేసి, నిగనిగలాడుతూ మళ్ళీ ప్రత్యక్షమయ్యారు. మృత్యుంజయరావు గారు తేనెటీగల మీద పుస్తకం ఒకటి చంకన పెట్టుకుని వచ్చి, ఇకపై ఎవరు రాణీయో తేలే వరకు అందరూ ఓపిక పట్టాలని కోరారు.

గుమ్మకొండ నుంచి లారీ వచ్చింది. వాలీబాల్ స్తంభం దింపారు. త్రాసు రెండో పళ్ళెం, బకెట్లు, బెంచీలు, ఫినాయిల్ డబ్బా దింపారు. దామిని దిగి యామినిని వాటేసుకుంది. చిక్కిపోయినందువల్ల ఇద్దరిలో ఎవరెవరో పైడమ్మ కూడా ఇట్టే చెప్పగలిగింది. సరుకంతా సరిచూసుకున్నాక శాఖ ఒక మెమో జారీ చేసింది. శ్రీ పరాంకుశం, వృక్షశాస్త్ర లెక్చరరు, రద్దు ఉత్తర్వు వెలువడి పదిహేను దినములైనను మాతృసంస్థలో చేరనందున సంజాయిషీ కోరడమైనది. దాన్ని ఆయన పేర హైమవతి చేతికే ఇచ్చి సంతకం తీసుకున్నారు.

వెళ్ళినవాటిలో పరాంకుశం ఒక్కడే తిరిగి రాలేదు. ఆయన భాద్రపద బహుళ పంచమినాడు, హైమవతి ఎక్కిన బస్సు ఇంకా ఘాటురోడ్డులో ఉండగానే, సంత షెడ్డులో పోయాడు.